ఏథెన్సులో పరిగె ఏరిన మనిషి (4వ భాగం)



పోయిన నెల ఒక హాస్టల్లో పిల్లలతో కూర్చుని మాట్లాడుతుంటే ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, మా క్లాసులో ఒకడు అంటున్నాడు, మీ బైబిల్లో ఉన్నదంతా గ్రీకుల దగ్గర కొట్టేసిందేనట. సరేనని మా పాస్టరయ్యను అడిగితే, అలాంటి పుస్తకాలు ముట్టుకోకు, విశ్వాసం పోతుంది అన్నాడు. ఈ ఇద్దరికీ ఏం చెప్పాలన్నా?"

ఆ రోజు టైం లేక సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇది మతప్రచారం కాదు, మతాన్ని తిట్టే రాత కూడా కాదు. మన ముందున్న ప్రశ్న ఒక్కటే. తొలి క్రైస్తవులు గ్రీకు కవుల దగ్గర, తత్వవేత్తల దగ్గర ఏం తీసుకున్నారు? ఆ తీసుకున్నది బానిసకు ఏం చేసింది?

1. ఒక తిట్టుతో మొదలు

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీయండి. క్రీ.శ. 50 ప్రాంతం. పౌలు ఏథెన్సుకి వస్తాడు. అప్పటికి ఆ ఊరు రోము ఏలుబడిలో ఉంది, అయినా చదువుల ఊరన్న పేరు పోలేదు. సంతవీధిలో రోజూ కనిపించినవాళ్లతో పౌలు వాదిస్తుంటాడు. ఎపికూరీయులు, స్తోయికులు అనే రెండు తత్వ బృందాల వాళ్లు ఆయన్ని చూసి ఒక మాట విసురుతారు. తెలుగు బైబిల్లో దాన్ని "వదరుబోతు" అని పెట్టారు. గ్రీకులో ఆ మాట స్పెర్మొలొగోస్. గింజలు ఏరుకునేది అని అర్థం. మొదట పిట్టలకు వాడిన మాట. తర్వాత సంతలో కింద రాలినవి ఏరుకుని బతికేవాడికి వాడారు. ఆ తర్వాత, పెద్దల దగ్గర రాలిన నాలుగు ముక్కలు ఏరుకుని చదువొచ్చినట్టు మాట్లాడేవాడిని ఎగతాళి చేయడానికి వాడారు.

మన ఊళ్ల మాటలో అయితే, పరిగె ఏరుకునేవాడు. కోతలు అయ్యాక ఆసామి పొలంలో రాలిన వెన్నులు ఏరుకోవడం మన అమ్మమ్మలకు బాగా తెలిసిన పని. కడుపు కోసం చేసే ఆ పనిని తిట్టుగా మార్చి ఒకడి చదువు మీద విసిరితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రిజర్వేషన్ సీటులో వచ్చిన పిల్లవాడు లేచి ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే వెనక బెంచీల్లో వినిపించే నవ్వు అలాంటిదే.

పౌలు మరీ కిందివాడేం కాదు. రోమన్ పౌరుడు, చదువుకున్న యూదుడు. కానీ చేతుల మీద బతికినవాడు. ఏథెన్సు నుంచి కొరింథుకు పోయి గుడారాలు కుట్టే పనిలో దిగాడని ఆ తర్వాతి అధ్యాయంలోనే ఉంది. చేతిపని చేసేవాడికి ఆలోచించే తీరిక ఉండదని గ్రీకు పెద్దలు చాలామంది నమ్మేవారు. అలాంటి ఊళ్లో ఆయన అరేయొపగు సభ ముందు నిలబడ్డాడు.

2. నీళ్లు తోడిన కవి

అక్కడ పౌలు తన ప్రవక్తల్లో ఒక్కరి పేరు కూడా ఎత్తలేదు. మీ కవులే ఈ మాట అన్నారు కదా అని, మనుషులంతా దేవుడి సంతానమేనన్న మాటను వాళ్ల ముందు పెట్టాడు. (ఆ కాలంలో చరిత్ర రాసేవాళ్లు ప్రసంగాలను తమ మాటల్లో కూర్చేవారు. కాబట్టి ఇందులో పౌలు నోటి మాట ఎంత, గ్రంథకర్త కలం ఎంత అన్న చర్చ పండితుల్లో ఉంది. తొలి క్రైస్తవులు ఈ మాటను తమ పుస్తకంలో రాసుకున్నారన్నదే మనకు ముఖ్యం.)

ఆ మాట అరాటస్ అనే కవిది. క్రీ.పూ. 3వ శతాబ్దం. ఆయన సొంత ఊరు సోలి, కిలికియ ప్రాంతం. పౌలు పుట్టిన తార్సు కూడా కిలికియలోనే. అంటే పౌలు తన ప్రాంతం కవినే తలుచుకున్నాడు. అరాటస్ పద్యకావ్యం పేరు ఫైనొమెన. నక్షత్రాల గురించి, వాన రాకడ గుర్తుల గురించి రాసింది. ఎప్పుడు దున్నాలో, ఎప్పుడు నాటాలో ఆకాశంలో గుర్తులు పెట్టి చెప్పేవాడు జ్యూస్ దేవుడని దాని మొదట్లోనే అంటాడు. ఆ జ్యూస్ సంతానమే మనం అన్నది అక్కడి మాట.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ మాట పుట్టింది జ్యూస్ మీద, యెహోవా మీద కాదు. విగ్రహాల ఊళ్లో విగ్రహాలను కాదనడానికి పౌలు ఆ దేవుడి పద్యాన్నే వాడుకున్నాడు.

దాదాపు ఇదే మాట అన్న కవి ఇంకొకాయన ఉన్నాడు. పేరు క్లియాంథెస్. స్తోయికుల బడికి రెండో పెద్ద. ఈయన బతుకు గురించి డయోజెనీస్ లయెర్షియస్ రాసిపెట్టాడు. చదివితే మన తాతల్లో ఒకరి కథ అనిపిస్తుంది. మొదట పిడిగుద్దుల పోటీల్లో దిగేవాడు. ఏథెన్సుకి వచ్చేటప్పటికి చేతిలో ఉన్నది నాలుగు ద్రాఖ్మాలు. పగలు జెనో దగ్గర పాఠం వినేవాడు. రాత్రి తోటల్లో నీళ్లు తోడేవాడు, పిండి విసిరేవాడు. కాగితానికి డబ్బుల్లేక పాఠాలు గుల్లల మీద, ఎద్దు భుజం ఎముకల మీద రాసుకునేవాడు. పనీపాటా లేనట్టు కనిపిస్తున్నాడు, మరి ఇంత దిట్టంగా ఎలా ఉన్నాడని అధికారులు పిలిచి అడిగారు. ఆయన తోటమాలినీ, తను పిండి విసిరిపెట్టే ఒక ఆమెనూ సాక్ష్యం తెచ్చుకున్నాడు. ఆ విచారణ చేసింది అరేయొపగు సభే. మూడు వందల ఏళ్ల తర్వాత పౌలు నిలబడ్డ పేరుగల సభ అదే.

కాబట్టి గ్రీకు తత్వం అనగానే తెల్ల బట్టల్లో తిరిగే పెద్దమనుషులే గుర్తు రానవసరం లేదు. ఎముకల మీద అక్షరాలు రాసుకున్నవాడు కూడా అందులో ఉన్నాడు. అదే సమయంలో ఇంకొకటి మరిచిపోవద్దు. ఆ ఏథెన్సు ఐశ్వర్యంలో పెద్ద వాటా లౌరియోన్ వెండి గనులది. ఆ గనుల్లో దిగింది బానిసలు.

3. రెండు ఊళ్లు, ఒక లోయ

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మనుషులంతా దేవుడి సంతానమే అయితే బానిస సంగతి ఏంటి?

ఇవాళ్టి టర్కీలో లైకస్ అనే నది లోయ ఉంది. అందులో పక్కపక్కనే మూడు ఊళ్లు. లవొదికయ, హియెరాపొలి, కొలొస్సయి. హియెరాపొలిలో సుమారు క్రీ.శ. 50లో ఎపిక్టెటస్ పుట్టాడు. బానిస. రోములో ఆయన యజమాని ఎపఫ్రొదితస్, నీరో చక్రవర్తి దగ్గర పనిచేసిన మనిషి. ఆ యజమాని కూడా ఒకప్పుడు బానిసే. ఎపిక్టెటస్‌కు కాలు కుంటి. తర్వాత స్వేచ్ఛ దొరికింది. స్తోయిక తత్వం చెప్పే గురువయ్యాడు.

ఆయన పాఠాలను శిష్యుడు అరియన్ రాసుకున్నాడు. అందులో ఒకచోట యజమానుల గురించి మాట్లాడతాడు. వేడినీళ్లు అడిగితే బానిస గోరువెచ్చనివి తెచ్చాడని మండిపడేవాడికి బుద్ధి చెబుతాడు. అతను నీ అన్నదమ్ముడు, ఇద్దరికీ మూలపురుషుడు జ్యూసే, ఇద్దరూ ఒకే విత్తనం నుంచి వచ్చారు, పెద్ద స్థానంలో కూర్చున్నంత మాత్రాన నిరంకుశుడివైపోతావా అన్నది ఆయన వాదన. నేను కొన్నాను, అమ్మకం పత్రం నా దగ్గర ఉందని యజమాని అంటే, నువ్వు చూసేది చచ్చినవాళ్ల చట్టాలను, దేవుడి చట్టాన్ని కాదంటాడు.

అరాటస్ నక్షత్రాల గురించి రాసిన మాట ఒక బానిస నోట్లో ఎలా మారిందో చూశారా? కవికి అది స్తోత్రం. ఎపిక్టెటస్‌కు అది యజమాని చొక్కా పట్టుకుని అడిగే ప్రశ్న.

అదే లోయలో కొలొస్సయి ఊరి సంఘానికి ఒక ఉత్తరం వెళ్లింది. పౌలు పేరు మీద ఉంది. పౌలు శిష్యులెవరో రాశారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ ఉత్తరం చివర్లో హియెరాపొలి పేరు కూడా వస్తుంది. అందులో యజమానులకు రెండు మంచి మాటలున్నాయి, నిజమే. కానీ దాసులకు చెప్పింది మాత్రం, అన్ని విషయాల్లో యజమానులకు లోబడి ఉండమని. పక్క ఊళ్లో పుట్టిన ఒక బానిస పెరిగి పెద్దై అడిగిన ప్రశ్న ఈ ఉత్తరంలో లేదు.

ఎందుకు లేదు? ఇక్కడే గ్రీకు ప్రభావంలోని రెండో ముఖం కనిపిస్తుంది.

4. అరిస్టాటిల్ ఇల్లు

అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం మొదటి భాగంలో ఇంటిని మూడు జతలుగా విడగొడతాడు. యజమాని–బానిస, భర్త–భార్య, తండ్రి–పిల్లలు. ఒక్కో జతలో పైవాడెవరు, కిందివాడెవరు అని చెబుతాడు. బానిస ప్రాణమున్న పనిముట్టు అంటాడు. కొందరు పుట్టుకతోనే బానిసలు అంటాడు. బానిసత్వం ప్రకృతి పెట్టింది కాదు, మనుషులు పెట్టుకున్న కట్టుబాటే అని వాదించేవాళ్లు తన కాలంలోనే ఉన్నారని కూడా ఆయనే రాశాడు. ఆ వాదన విని, పక్కన పెట్టాడు. పుట్టుకే స్థానాన్ని నిర్ణయిస్తుందన్న మాట మనకు ఎక్కడ విన్నట్టు ఉందో మీకే తెలుసు.

ఇప్పుడు కొలొస్సయులకు 3వ అధ్యాయం, ఎఫెసీయులకు 5, 6 అధ్యాయాలు పక్కన పెట్టుకోండి. భార్యలు–భర్తలు, పిల్లలు–తండ్రులు, దాసులు–యజమానులు. అవే మూడు జతలు. గ్రీకు లోకంలో ఇంటి నిర్వహణ గురించి తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన పాఠం సంఘంలోకి నడిచి వచ్చింది. ఈ కొత్త మతం ఇళ్లను చెడగొడుతోందని చుట్టుపక్కల గుసగుసలు. మేమూ మర్యాదస్తులమే అని చూపించుకోవాలన్న ఒత్తిడి అందులో పనిచేసిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు.

దీనికన్నా ముందు పౌలు గలతీయులకు రాసిన ఉత్తరం ఉంది. యూదుడు–గ్రీకువాడు, దాసుడు–స్వతంత్రుడు, స్త్రీ–పురుషుడు అన్న తేడాలు క్రీస్తులో లేవని అందులో అంటాడు. ఇక్కడా మూడు జతలే. ఇక్కడ మూడింటినీ చెరిపేశాడు. తర్వాతి ఉత్తరాల్లో ఇంటి జతలు మళ్లీ గీతలు గీసుకుని కూర్చున్నాయి.

ఇంకో సంగతి. మన తెలుగు బైబిల్లో "దాసుడు" అని చదివినప్పుడు మనకు భక్తి వాసన వస్తుంది, రామదాసు గుర్తొస్తాడు. గ్రీకులో ఆ మాట దూలొస్. సంతలో కొని అమ్మే మనిషి. ఆ వచనాలు చదివేటప్పుడు ఈ అర్థం పెట్టుకుని చదవండి.

గ్రీకు కవుల నుంచి వచ్చిందంతా మంచిదే అనుకోకండి. తీతుకు రాసిన ఉత్తరంలో క్రేతీయులనే మొత్తం జనాన్ని అబద్ధికులనీ, మృగాలనీ, సోమరి తిండిబోతులనీ తిట్టిన ఒక పాత మాటను ఎత్తి, అది నిజమేనని ఖాయం చేశారు. అది ఎపిమెనిడెస్ మాట అని అలెగ్జాండ్రియా క్లెమెంట్ చెప్పాడు. ఒక జాతి మొత్తానికీ ముద్ర వేసే సామెతలు మన మీద ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకోండి. పవిత్ర గ్రంథంలోకి ఎక్కితే ముద్ర ఇంకా గట్టిపడుతుంది.

5. కత్తిరించిన పుస్తకం

ఈ రెండు ముఖాల మధ్య తగువు పుస్తకాలకే ఆగిపోలేదు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు చెర నుంచి బయటపడ్డ కథ తీసేశారు. గలతీయులకు రాసిన ఆ వచనం తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీయుల మాట మాత్రం భద్రంగా ఉంచారు. ఏ వచనం ఎవరికి ప్రమాదమో కత్తెర పట్టుకున్నవాళ్లకు బాగా తెలుసు.

1852లో ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికా స్వాతంత్ర్య దినం గురించి ప్రసంగం చేశాడు. ఆయన బానిసగా పుట్టి, దొంగచాటుగా చదువు నేర్చుకుని, పారిపోయి వచ్చినవాడు. దేవుడు అన్ని జాతులనూ ఒకే రక్తం నుంచి పుట్టించాడని మీరు నమ్ముతున్నామంటారే, మరి మీ చర్మం రంగు లేనివాళ్లను ద్వేషిస్తారేం అని తెల్లవాళ్లను నిలదీశాడు. ఒకే రక్తం అన్న ఆ మాట పౌలు ఏథెన్సు ప్రసంగంలోదే, కవి మాటకు రెండు వచనాల ముందుది. పరిగె గింజ ఎక్కడ మొలిచిందో చూడండి.

6. వాక్యం ఎవరిది?

మన ఊళ్లో చర్చికి ఎవరైనా ప్రసంగం చేయడానికి వస్తే "వాక్యం చెప్పడానికి వచ్చారు" అంటాం. యోహాను సువార్త మొదటి వచనంలో ఉన్న ఆ "వాక్యము" గ్రీకులో లోగోస్. ఎఫెసు ఊరివాడైన హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతంలోనే లోగోస్ గురించి మాట్లాడాడు. స్తోయికులు లోకమంతా నిండి ఉన్న బుద్ధిని లోగోస్ అన్నారు. యేసు కాలంలోనే అలెగ్జాండ్రియాలో బతికిన ఫిలో అనే యూదు పండితుడు ఆ గ్రీకు మాటను మోషే గ్రంథాలతో కలిపాడు. అలాగని యోహాను దాన్ని గ్రీకుల దగ్గరే తెచ్చుకున్నాడని తేల్చేయడం కుదరదు. దేవుడు పలికితే లోకం పుట్టిందని ఆదికాండంలో ఉంది. జ్ఞానం దేవుడి పక్కన ఉందని సామెతల గ్రంథంలో ఉంది. రెండు ఏర్లు కలిసిన చోట ఏ నీళ్లు ఏ ఏటివని విడదీయలేం.

రెండో శతాబ్దంలో జస్టిన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. లోగోస్ విత్తనాలు అన్ని జాతుల్లోనూ చల్లి ఉన్నాయన్నాడు. లోగోస్ ప్రకారం బతికిన సోక్రటీసు, హెరాక్లిటస్ కూడా క్రైస్తవులేనన్నాడు. సుమారు 165లో రోములో ఆయన్ని చంపేశారు. ఆఫ్రికాలోని కార్తేజ్ నుంచి టెర్టుల్లియన్ మాత్రం ఏథెన్సుకీ యెరూషలేముకీ ఏం పొత్తు అని గద్దించాడు. ఆ గద్దించినాయనే ఆత్మ గురించి రాసేటప్పుడు స్తోయికుల ఆలోచనను వాడుకున్నాడు. తమ్ముడి పాస్టరయ్య టెర్టుల్లియన్ వారసుడన్నమాట.

క్లాసులో వెక్కిరించినవాడికి కూడా ఒక పూర్వీకుడున్నాడు. పేరు సెల్సస్. సుమారు 178లో క్రైస్తవుల మీద పుస్తకం రాశాడు. దాని పేరు "సత్య లోగోస్". అందులో రెండు ఆరోపణలు. ఒకటి, వీళ్లు ప్లేటో మాటలను సరిగ్గా అర్థం చేసుకోకుండా ఎత్తుకొచ్చారని. రెండు, వీళ్లంతా ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, చాకళ్లు, ఇళ్లలోని ఆడవాళ్లకూ పిల్లలకూ చదువు రాని బోధలు చేస్తారని. ఆ పుస్తకం మిగల్లేదు. ఓరిజెన్ జవాబు రాస్తూ అందులోని మాటలను ఎత్తి చూపాడు కాబట్టి మనకు తెలుసు. ఆ రెండు ఆరోపణలూ కలిసే వస్తాయి, గమనించండి. చెప్పులు కుట్టేవాడు ప్లేటో గురించి మాట్లాడితే, అది ఎత్తుకొచ్చిందే అయి ఉంటుందన్న నమ్మకం వాటి వెనక ఉంది.

362లో జూలియన్ చక్రవర్తి ఇంకా ముందుకెళ్లాడు. హోమర్ దేవుళ్లను నమ్మనివాడు హోమర్ పాఠం చెప్పకూడదన్నాడు. మీ చర్చిలకు పోయి మత్తయి, లూకా చెప్పుకోండన్నాడు. గ్రీకు భాష నీ సొత్తా అని నాజియాంజస్ గ్రెగొరీ ఆయన మీద మండిపడ్డాడు. బాగానే ఉంది. కానీ అధికారం చేతికొచ్చాక క్రైస్తవులేం చేశారు? 415లో అలెగ్జాండ్రియాలో హైపేషియా అనే గణితవేత్తను, తత్వవేత్తను క్రైస్తవ గుంపు చంపేసింది. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్సులో తత్వం బోధించడాన్ని ఆపించాడు. పరిగె ఏరినవాళ్ల వారసులు పొలానికి ఆసాములయ్యారు, కంచె వేశారు. ఈ భాగం దాచిపెట్టి చరిత్ర చెబితే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

7. ధర ఎంత?

ఇదంతా చూసి తల పట్టుకోకండి. నాలుగో శతాబ్దంలో కప్పదొకియలో నిస్సా గ్రెగొరీ అనే బిషప్ ఉండేవాడు. ప్లేటోను బాగా చదివినవాడు. ప్రసంగి గ్రంథం మీద చేసిన నాలుగో ఉపన్యాసంలో, నేను దాసదాసీలను కొన్నానని ప్రసంగి చెప్పుకున్న దగ్గర ఆగిపోయాడు. దేవుడి పోలికలో పుట్టిన మనిషికి ఎంత ధర కట్టావు, ఎన్ని నాణేలు లెక్కపెట్టావు అని యజమానులను అడిగాడు. మనిషి స్వభావమే స్వేచ్ఛగలది, తనను తాను నడుపుకునేది అన్నాడు. దేవుడి పోలిక అన్నది ఆదికాండం మాట. తనను తాను నడుపుకోవడం అన్నది గ్రీకు తత్వం మాట. ఆ రెండింటినీ కలిపి ఒక మనిషి ఇంకో మనిషిని సొంతం చేసుకోవడాన్నే తప్పు పట్టాడు. ఆ కాలం నుంచి మనకు మిగిలిన రాతల్లో ఇంత సూటిగా అడిగింది ఇంకోటి దొరకడం కష్టం.

ఆయన అక్క మక్రీనా. ఇంట్లోని బానిస స్త్రీలతో సమానంగా, ఒకే బల్ల దగ్గర తింటూ బతకడానికి తల్లిని ఒప్పించిందని గ్రెగొరీయే రాశాడు. తమ్ముడు ఉపన్యాసంలో చెప్పింది అక్క ఇంట్లో చేసి చూపించింది.

అదే శతాబ్దంలో గంగ్రా సభ, భక్తి పేరుతో దాసుడికి యజమానిని ధిక్కరించమని నేర్పేవాడిని శపించింది. అగస్టీన్ బానిసత్వం ప్రకృతి పెట్టింది కాదన్నాడు, కానీ పాపానికి వచ్చిన శిక్ష అని చెప్పి దాన్ని నిలబెట్టాడు. చర్చి నడిచింది గ్రెగొరీ వెనక కాదు, వీళ్ల వెనక. పూర్వజన్మ కర్మ అన్నా, ఆది పాపం అన్నా, సంకెళ్లలో ఉన్నవాడికి తేడా ఏముంది?

8. తమ్ముడికి జవాబు

బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పోలుస్తూ బాబాసాహెబ్ రాసినచోట, రోమన్ బానిసల్లో చదువుకున్నవాళ్లు, చదువు చెప్పినవాళ్లు ఉన్నారనీ, అంటరానివాళ్లకు ఆ తలుపు కూడా మూసేశారనీ చూపిస్తాడు. ఎపిక్టెటస్ మాట మనదాకా వచ్చిందంటే ఆయనకు అక్షరం దొరికింది కాబట్టి. లౌరియోన్ గనుల్లో చచ్చిపోయినవాడు ఏమనుకున్నాడో మనకు ఒక్క ముక్క కూడా లేదు.

అందుకని తమ్ముడూ, క్లాసులో వాడికి ఇలా చెప్పు. అవును, తీసుకున్నారు. నీళ్లు తోడినవాడి దగ్గర, నక్షత్రాలు చూసినవాడి దగ్గర తీసుకున్నారు. తీసుకోకుండా పెరిగిన చదువు ఎక్కడుందో నువ్వు చూపించు. పాస్టరయ్యకు మర్యాదగానే చెప్పు. అయ్యగారూ, పౌలే అన్య దేవుడి పద్యం చదివి, గుర్తుపెట్టుకుని, సభలో చెప్పాడు, నేను చదివితే తప్పేంటి అని అడుగు.

నిన్ను నువ్వు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకో. ఎవరైనా ఒక వచనం చూపించి లోబడి ఉండు అన్నప్పుడు, ఆ మాట ఏ ఇంటి నుంచి వచ్చింది? అరాటస్ ఆకాశం నుంచా, అరిస్టాటిల్ ఇంటి నుంచా? అది తెలియాలంటే రెండూ చదవాలి. ఎవరో ఏరి పెట్టింది కాకుండా నీ చేత్తో నువ్వు ఏరుకోవాలి.

వచ్చే భాగంలో ఒనేసిము గురించి రాస్తాను. బైబిల్లో పేరున్న బానిస. అతని గురించి ఒక ఉత్తరమే ఉంది, అతను మాట్లాడిన మాట మాత్రం ఒక్కటీ లేదు. ఈలోపు ఫిలేమోనుకు రాసిన ఆ ఉత్తరం ఒకసారి చదివి ఉంచుకోండి. ఒక్క పేజీ కూడా ఉండదు.

జై భీమ్.
(ఇంకా ఉంది)